"ఎవర్ని పట్టుకున్నవే?": మా పల్లిపట్టి దుబాయ్ పోయిన కథ

మొన్న కొత్తకోటలో పెళ్లికి పోతే, భోజనాల దగ్గర మా చిన్నత్త పక్కన చేరి మెల్లగా అడిగింది: "మీ పట్టీలు దుబాయ్ పోతున్నయంట గదా, ఎవర్ని పట్టుకున్నవే?" ఎవర్నీ పట్టుకోలేదంటే ఆమె నమ్మదు. ఇన్‌క్యుబేటర్‌లో చేరాం అత్తా అన్నాను. "గుడ్లు పొదిగేదా?" అంది. బంతిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, కానీ ఇంటికొచ్చాక అనిపించింది, ఈ ప్రశ్న నన్ను ఫోన్లో కూడా చాలామంది అడుగుతున్నారు, ఇన్‌క్యుబేటర్‌లో, అంటే కొత్త వ్యాపారాలకు శిక్షణ, సలహా ఇచ్చి నిలబెట్టే చోట, చేరితే ఫారిన్ ఆర్డర్లు వస్తాయా అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

మాది వనపర్తి. నేను హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి, కరోనా టైంలో ఇంటికొచ్చి మళ్లీ పోలేదు. మా అత్తమ్మ చేసే పల్లిపట్టి చుట్టాల్లో ఫేమస్, దాన్ని అమ్ముదామని మొదట అన్నది మా మరిది. 2021లో చిన్న తిండి యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద లోన్ తీసుకున్నాం. అప్పట్లో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ వచ్చేది, 10 లక్షలకు మించకుండా. వేయించే మిషన్, పొట్టు తీసే మిషన్, ముక్కలు కోసేది కొని ఊరి బయట షెడ్డు వేశాం. పాకం మాత్రం ఇప్పటికీ అత్తమ్మ చూడాల్సిందే, నీళ్లలో వేసి గిన్నెకు కొడితే టంగుమనాలి, ఆ చప్పుడు వినిపించేదాకా పల్లీ వేయనివ్వదు. సరుకు జడ్చర్ల, షాద్‌నగర్, కూకట్‌పల్లి షాపులకు పోయేది. అమెరికాలో ఉండే మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో పది పదిహేను కిలోలు పట్టుకుపోయేది, అక్కడ వాళ్ల ఫ్రెండ్స్ అడుగుతున్నారని చెప్పేది. దాంతో నాకు అమెరికా పిచ్చి పట్టింది. సూట్‌కేసులో పోయేది కంటైనర్లో పోదా అని.

2022 చివర్లో ఇన్‌క్యుబేటర్‌కు అప్లై చేశాను. అప్పటికి స్టార్టప్‌ల కోసం ఉన్న టీ-హబ్ కొత్త బిల్డింగ్ రాయదుర్గంలో తెరిచి కొన్ని నెలలే, పేపర్లలో అంతా అదే, అందుకని ఇన్‌క్యుబేటర్ అంటే యాప్‌లు చేసేవాళ్లకే అనుకున్నా. వెతికితే తెలిసింది, మనలాంటి తిండి వస్తువుల వాళ్లకు వేరే చోట్లున్నాయి. ఆడవాళ్ల కోసం 2018 నుంచి వీ-హబ్ ఉంది, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ వర్సిటీ వాళ్ల అగ్‌హబ్, మిల్లెట్స్ వాళ్లకు న్యూట్రిహబ్, పటాన్‌చెరులో ఇక్రిశాట్‌కు 2003 నుంచే ఒకటి. నేను చేరినదాని పేరు రాయను, ఎందుకంటే కింద కొంచెం తిట్టబోతున్నా.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. ఏ దేశానికి అమ్ముతారు అని అడిగారు. అమెరికా అన్నా. ఎందుకు? మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి. వాళ్లు కొనే షాపుకు సరుకు ఎవరు తెస్తారో తెలుసా? తెలీదు. మీ పోటీ ఎవరు? మాలాగా ఎవరూ చేయరండీ అన్నాను. ముగ్గురిలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, అదే ఆయన జవాబు. అయినా ఎలాగో తీసుకున్నారు, వస్తువు నచ్చి అనుకుంటా, ప్లేటు మాత్రం ఖాళీ అయింది.

మొదటి నెల వేస్ట్. మొహమాటం లేకుండా చెప్తున్నా. పిచ్ డెక్, అంటే పెట్టుబడి అడిగే స్లైడ్లు, ఎలా చేయాలి, ఇన్వెస్టర్‌తో మూడు నిమిషాల్లో ఎలా మాట్లాడాలి, ఇవే క్లాసులు. నా పక్కన డ్రోన్లు చేసే కుర్రాళ్లు, అటుపక్క ఆవుల మెడకు సెన్సర్ కట్టేవాళ్లు, మధ్యలో నేను పల్లిపట్టీల డబ్బాతో. వారానికి రెండుసార్లు వనపర్తి నుంచి తెల్లవారుజామున బస్సెక్కి పోయి, స్లైడ్లలో ఏ రంగు వాడాలో విని, రాత్రికి ఇల్లు చేరేదాన్ని. గ్రాంట్ల సంగతీ అంతే. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అని 2021లో కేంద్రం తెచ్చింది, అప్పట్లో ఇన్‌క్యుబేటర్ల ద్వారానే ఇచ్చేవాళ్లు, ప్రయోగ దశకు 20 లక్షల దాకా గ్రాంటు. మంచిదే, కానీ దానికి కంపెనీ పెట్టి రెండేళ్లు దాటి ఉండకూడదనేవాళ్లు, స్టార్టప్‌గా కేంద్ర పరిశ్రమల విభాగం (డీపీఐఐటీ) గుర్తింపు ఉండాలనేవాళ్లు. మాది అప్పటికి కంపెనీయే కాదు, నా పేరు మీద ప్రొప్రైటర్‌షిప్. పైసా రాలేదు.

రెండో నెలలో మెంటర్‌గా ఒక సార్‌ను ఇచ్చారు. ముప్ఫై ఏళ్లు నువ్వులు, పల్లీలు ఎక్స్‌పోర్ట్ చేసి రిటైరైనాయన. పట్టీ ముక్క నోట్లో వేసుకుని, బాగుంది అనలేదు, బాలేదు అనలేదు. "ఈ పల్లీ ఏ కారుదమ్మా? వానాకాలందా, యాసంగిదా?" అన్నాడు.

నాకు తెలీదు. నిజంగా తెలీదు. పల్లి కొనేది మా మరిది, మార్కెట్‌లో ఏ రోజు రేటు తక్కువుంటే ఆ రోజు తెస్తాడు. "ముందు టెస్టు చేయించండి, అమెరికా తర్వాత చూద్దాం" అని ఒక ల్యాబ్‌కు పంపించాడు. ఇన్‌క్యుబేటర్ పేరు మీద పోతే ఫీజులో తగ్గింపు ఉంది, అది నిజంగా పనికొచ్చింది, ఎందుకంటే ఆ ఏడాది మేం ఎన్ని టెస్టులు చేయించామో లెక్కలేదు.

టెస్టు దేనికంటే అఫ్లాటాక్సిన్‌కు. పల్లీకి పట్టే ఒక రకం బూజు వదిలే విషం అది. కంటికి కనపడదు, రుచికి తెలీదు, వేయిస్తే పూర్తిగా పోదు, ఎక్కువకాలం తింటే లివర్ క్యాన్సర్ రావచ్చు. కొలిచేది పీపీబీల్లో, అంటే వంద కోట్ల భాగాల్లో ఒక భాగం. మన దేశంలో నేరుగా తినే పల్లీకి 10 దాకా ఒప్పుకుంటారు, అమెరికాలో 20, యూరప్‌లో 4, అందులోనూ బీ1 అనే రకం 2 దాటకూడదు. నేనేమో అమెరికా వాళ్లే అందరికంటే గట్టి అనుకుంటున్నా.

మా మొదటి శాంపిల్ 3 వచ్చింది. ఎగిరి గంతేశాను, యూరప్ కూడా పోవచ్చని. సార్ నవ్వి, అదే బస్తాల్లోంచి ఇంకోటి తీయించండి అన్నాడు. 26 వచ్చింది. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారని గొడవ పెట్టుకోబోతే ఆయన కూర్చోబెట్టి చెప్పాడు: ఈ విషం బస్తా అంతా సమంగా కలిసి ఉండదు, వేల గింజల్లో ఒకటో రెండో చెడ్డవి ఉంటాయి, వాటిలోనే అంతా ఉంటుంది, అది నీ శాంపిల్‌లో పడితే 26, పడకపోతే 3. అందుకే ఒక గుప్పెడు తీసుకుపోయి పాసయ్యాం అనుకుంటే, ఓడ దిగాక అక్కడి అధికారి తీసే గుప్పెట్లో అది పడుతుంది. అప్పుడు సరుకు వెనక్కి రావాలి, లేదా అక్కడే తగలబెట్టాలి, ఖర్చు మనదే.

ఆ రాత్రి బస్సులో నాకు వచ్చిన టెన్షన్ ఎగుమతి గురించి కాదు. రెండేళ్లుగా మనవాళ్లకు ఏం తినిపిస్తున్నానో అని.

తర్వాతి నెల మొత్తం ల్యాప్‌టాప్ ముట్టలేదు. సార్ ఒకసారి మాతో వనపర్తి వచ్చాడు, పల్లి ఎక్కడెక్కడ తిరిగి మా షెడ్డుకు వస్తుందో చేను నుంచి మొదలుపెట్టి చూపించమన్నాడు. పాలమూరులో యాసంగి పల్లి చాలా మేలు, బోర్ల కింద, కాలువ కింద వేస్తారు, కాయ ముదిరే టైంలో నీటికి ఇబ్బంది ఉండదు, ఫిబ్రవరి మార్చిలో పీకితే ఎండకు గలగల ఎండుతుంది. వానాకాలం పల్లికి చివర్లో వాన మొహం చాటేస్తే ఆ బెట్టలోనే బూజు లోపలికి పోతుంది, పీకినాక ముసురు పడితే ఇక చెప్పక్కర్లేదు. ఇది మా దగ్గర ఏ రైతుకైనా తెలుసు, నాకే తెలీదు, వనపర్తిలో పుట్టి.

కానీ అసలు దొంగ దొరికింది చేను దగ్గర కాదు, కాయ కొట్టే మిషన్ దగ్గర. కాయ బాగా ఎండి ఉంటే మిషన్‌లో గింజ పప్పుగా పగులుతుంది, పగిలితే రేటు పడిపోతుంది. అందుకని మిషన్‌లో పోసే ముందు బస్తాల మీద నీళ్లు చల్లుతారు. అందరూ చేస్తారు. తడిసిన గింజను మళ్లీ సరిగ్గా ఎండబెట్టకుండానే బస్తాకెత్తి కుట్టేస్తారు, అది మా గోడౌన్‌లో నెలరోజులు ఉంటుంది. సార్ ఆ నీళ్ల బకెట్ దగ్గర నిలబడి ఏమీ అనలేదు, నా వైపు చూశాడంతే.

అప్పుడు పద్ధతి మార్చాం. యాసంగి కాయ మాత్రమే, కాయగానే కొనడం, మా షెడ్డులోనే పొడిగా కొట్టించడం, పగిలిన గింజ నష్టం మాదే. పొట్టు తీశాక షెడ్డులో ఉండే ఆరుగురూ బల్ల మీద పోసి రంగు మారినవి, ముడుచుకున్నవి చేత్తో ఏరడం. పొట్టు తీసినాక ఏరితేనే చెడ్డది బయటపడుతుంది, ముందు ఏరితే సగం దాక్కుంటాయి. రైతులకు మార్కెట్ రేటు మీద క్వింటాలుకు 300 ఎక్కువ ఇస్తామన్నాం, నేల మీద కాకుండా టార్పాలిన్ మీద ఆరబోయాలని షరతు. గోపాల్‌పేట వైపు ఒక పెద్దాయన ఉన్నాడు, నన్ను బిడ్డా అంటాడు, ఆయన మొదట ఒప్పుకోలేదు. "పల్లికి గూడ రక్తపరీక్షలా బిడ్డా? మా తాతల కాలం నుంచి కల్లంలనే ఆరబోస్తున్నం, ఎవరు సచ్చిండ్రు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మూడు వందలు ఎక్కువ అన్న మాటకు మాత్రం ఆయన కొడుకు టార్పాలిన్ కొన్నాడు.

కాగితాల సంగతి తొందరగా చెప్పేస్తా, ఇది ఎక్కడైనా దొరికే సమాచారమే. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) దగ్గర ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతి కోడ్, ఆన్‌లైన్‌లో 500 రూపాయలు, ప్రతి ఏడాది ఏప్రిల్ జూన్ మధ్య అప్‌డేట్ చేయడం మర్చిపోవద్దు, చేయకపోతే ఆగిపోతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సెంట్రల్ లైసెన్స్. వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా రిజిస్ట్రేషన్. జీఎస్టీలో ఎల్‌యూటీ అనే హామీ పత్రం, అది వేస్తే ఎగుమతి సరుకు మీద పన్ను ముందే కట్టక్కర్లేదు. వీటిలో ఏడిపించింది ఏడీ కోడ్ (ఎగుమతి డబ్బు వచ్చే బ్యాంక్ నంబరు) ఒక్కటే: బ్యాంక్ లెటర్ ఇస్తే కస్టమ్స్ పోర్టల్‌లో నమోదు చేయాలి, కానీ మా బ్యాంక్ బ్రాంచ్‌లో ఎవరూ అలాంటి లెటర్ ఎప్పుడూ ఇవ్వలేదు. మేనేజర్ మంచాయనే, కానీ మూడు వారాలు హైదరాబాద్ ఆఫీసును అడుగుతూనే ఉన్నాడు. ఆఖరికి ఇన్‌క్యుబేటర్‌లో అకౌంట్స్ చూసే అమ్మాయి వేరే కంపెనీకి వచ్చిన లెటర్ నమూనా పంపింది, దాన్ని చూసి అరగంటలో టైప్ చేసిచ్చారు. మొదటిసారి ఎగుమతి చేసే చిన్న యూనిట్లకు రిజిస్ట్రేషన్ ఫీజులో, టెస్టింగ్ ఖర్చులో కొంత కేంద్ర ఎంఎస్‌ఎంఈ శాఖ తిరిగి ఇస్తుందని చెప్పింది కూడా ఆ అమ్మాయే. పెద్ద పెద్ద స్పీకర్లు చెప్పలేదు.

ఇక ఏ దేశానికి పంపాలన్నది. అమెరికా వద్దని సార్ ఎప్పుడూ అనలేదు, లెక్క వేసి చూడమన్నాడు. అక్కడి ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏలో యూనిట్‌ను రిజిస్టర్ చేయాలి, అక్కడ ఒక ఏజెంట్ ఉండాలి, మన సరుకు కొనే ఇంపోర్టర్ మన యూనిట్ తయారీ పద్ధతిని తనిఖీ చేసి ఫైలు పెట్టుకోవాలి, ఓడ చేరకముందే నోటీస్ ఇవ్వాలి. లేబుల్ మీద ఎలర్జీ ఉన్నవి రాయాలి. పల్లీ ఎలాగూ ఉంది, మా పట్టీలో కాసిన్ని నువ్వులు కూడా ఉంటాయి, 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా అక్కడి లిస్టులో తొమ్మిదోదిగా చేరాయి. ఇవన్నీ చేసి, ఓడలో అన్ని వారాలు పోయి, దిగాక రెండు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే సరుకు ఎవరు కొంటారు? మా పట్టీ ఆయుష్షు అప్పటికి నాలుగు నెలలు. దుబాయ్ అయితే ముంబయి నుంచి ఓడ వారంలోపే చేరుతుంది, 2022 మే 1 నుంచి మన దేశానికి యూఏఈతో వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది, సరుకు మన దేశానిదే అని చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ ఉంటే సుంకంలో లాభం. సుంకం లెక్కకు పట్టీని మిఠాయి కింద వేయాలా, వేయించిన పల్లీల కింద వేయాలా అని రెండు వారాలు కొట్టుకున్నాం, మిఠాయి అని తేల్చింది కస్టమ్స్ బ్రోకర్. అత్తమ్మ వింటే, మిఠాయి కాకపోతే మరేంది అనేది.

ఎండ గురించి మాత్రం సరుకు పంపకముందే తెలిసింది. ఇన్‌క్యుబేటర్ ల్యాబ్‌లో వేడి, తేమ పెట్టే పెట్టె ఒకటుంది, దాంట్లో 40 డిగ్రీల్లో మా ప్యాకెట్లు పెడితే మూడో వారానికి పట్టీలన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఇటుక అయిపోయాయి. కవర్ మార్చాం, లోపల నైట్రోజన్ నింపే మిషన్ కొన్నాం, పాకం ఇంకో రెండు నిమిషాలు ముదరనిచ్చాం. దీని మీద అత్తమ్మకూ నాకూ నాలుగు రోజులు మాటల్లేవు.

2024 ఫిబ్రవరిలో గల్ఫుడ్ అనే తిండి వస్తువుల ఎగ్జిబిషన్‌కు పోయాం, ఆ ఏడు దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో జరిగింది. సొంత స్టాల్ మా తాహతుకు మించింది, ఇన్‌క్యుబేటర్ వాళ్లు తీసుకున్న దాంట్లో ఐదు కంపెనీలకు కలిపి ఒక మూల దొరికింది, నాకు వచ్చింది మూడడుగుల బల్ల. ఇది వాళ్లు చేసిన మేలే, ఒప్పుకుంటా. కానీ "సాఫ్ట్ లాండింగ్" అని బ్రోషర్‌లో రాశారే, అక్కడ ఆఫీసు, లోకల్ టీమ్, బయ్యర్లతో మీటింగులు అని, అది తేలితే ఒక వాట్సాప్ గ్రూప్. మాకు పరిచయం చేస్తామన్న ఆయన ఐదు రోజుల్లో ఒక్కసారి వచ్చి, ఫోటో దిగి పోయాడు. అప్పటికే మా ప్రోగ్రాం మేనేజర్ ఉద్యోగం మారింది, కొత్తామెకు మా ప్రాడక్ట్ ఏమిటో తెలీదు, మిల్లెట్స్ వాళ్లం అనుకుంది.

నూటనలభై కార్డులు వచ్చాయి. తిరిగి మెయిల్‌కు జవాబిచ్చింది ఐదుగురు. ఆర్డర్ ఇచ్చింది ఒక్కరు, షార్జాలో గోడౌన్ ఉన్న మలయాళీ ఆయన. పల్లిపట్టి అంటే అర్థం కాలేదు, ముక్క తిని "ఓ, కప్పలండి మిఠాయి!" అన్నాడు, ముఖం చిన్నపిల్లాడిలా అయిపోయింది. ఆ నిమిషానికి నాకు తెలిసింది, మన సరుకు కొనేవాళ్లు తెలుగువాళ్లే అవ్వక్కర్లేదని, నా అమెరికా లెక్క మొత్తం అక్కడే తప్పని. ఆయన ఇంకో మాట చెప్పాడు: 200 గ్రాముల ప్యాకెట్ వద్దు, బిల్లు కౌంటర్ దగ్గర పెట్టే చిన్నది కావాలి, లేబర్ క్యాంపుల దగ్గరి షాపుల్లో సాయంత్రం టీతో కొనేట్టు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలసపోయినవాళ్ల మూటల్లో పల్లీలు, బెల్లం ఉండేవని మా తాత చెప్పేవాడు, నాకు అదే గుర్తొచ్చింది.

గొడవంతా లేబుల్ దగ్గర. అరబిక్ ఉండాలని తెలుసు, వేశాం. కానీ మేం అంతకుముందు రాసినట్టు "తయారైన తేదీ నుంచి నాలుగు నెలలు" అని రాస్తే అక్కడ కుదరదు, తయారీ తేదీ, ఎక్స్‌పైరీ తేదీ రెండూ విడివిడిగా, కవర్ మీదే ప్రింటై ఉండాలి. నేను తేదీ స్టిక్కర్ వేసి పంపొచ్చు అనుకుని పదివేల కవర్లు ప్రింట్ చేయించాను. షార్జా ఆయన ఫోటో చూసి వద్దన్నాడు. ఆ కవర్లు ఇప్పటికీ ఉన్నాయి, అత్తమ్మ ఇంట్లో వాటిలో కారం, పసుపు పోస్తోంది. ఇది నాకు ఇన్‌క్యుబేటర్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, తప్పు చెరిసగం.

డబ్బు విషయంలో సార్ మాట విన్నాను: 30 శాతం అడ్వాన్స్, మిగతాది పేపర్లు బ్యాంక్ ద్వారా పోయాక, పైగా కొన్నాయన డబ్బు ఇవ్వకపోతే ఆదుకునే ఈసీజీసీ బీమా. మొదటి సరుకు 2024 మేలో, సొంత కంటైనర్ నింపే స్తోమత లేక నలుగురితో కలిపి, హైదరాబాద్ నుంచి ముంబయి దగ్గరి నవషేవా రేవుకు, అక్కడి నుంచి దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవుకు. మే నెల ఎండలో. ఆ పన్నెండు రోజులు నిద్రపోలేదు. అతుక్కోలేదు. ఖర్చులన్నీ పోను ఆ ట్రిప్పులో మాకు మిగిలింది కూకట్‌పల్లిలో అమ్మితే మిగిలే దానికంటే తక్కువే, ఇది కూడా చిన్నత్తకు చెప్పాలి. రెండో ట్రిప్పు నుంచి నయం. ఇప్పుడు రెండు నెలలకోసారి పోతోంది.

యూరప్ ఫైల్ అల్మారాలోనే ఉంది. సార్ ఇప్పుడు ఆ ఇన్‌క్యుబేటర్‌లో లేడు, మాకు ఫోన్లో మాత్రం ఉన్నాడు. ఈ యాసంగిలో మూడు లాట్లు టెస్టుకు పంపాం. రిజల్ట్ వచ్చిన రోజు గోపాల్‌పేట పెద్దాయన షెడ్డుకు వచ్చాడు, చేతిలో నాలుగు కాయలు చెవి దగ్గర పెట్టి ఊపుతూ, లోపల గింజ మోగుతుందో లేదో వింటూ.

"ఎంతొచ్చింది బిడ్డా?" అన్నాడు.

రేటు అనుకుని చెప్పబోయాను. ఆయన అడిగింది అది కాదు.

రెండు లాట్లు రెండు లోపలే పెద్దయ్యా, ఒకటి ఐదు దాటింది అన్నాను.

"ఆ ఒకటి నాది గాదు" అన్నాడు, కాయలు నా చేతిలో పెట్టి.